కృత్తిక నాటి మేక నాలుకలు

మేక నాలుక మీది పైపొరను ఎక్కడా చిరగకుండా వలిచి తీయగల మనుషులు లోకంలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కడే. ఆయన మా అమ్మ తమ్ముడు లోకనాథం. వయసు యాభై ఏడు, చదువు ఎనిమిదో తరగతి, ఊరు తిరుత్తణి. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తున్నాను, ఎందుకంటే జరిగిన సంగతిని మా కాలేజీలో ఇప్పటికే నలుగురు నాలుగు రకాలుగా చెబుతున్నారు. అందులో మూడు రకాల్లో మామ దొంగ, ఒక రకంలో దేవుడు. ఆయన రెండూ కాదు.

నా పేరు గుణ. తిరువళ్ళూరు దాటాక హైవే పక్కనున్న ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబు మీటర్లు, మోటార్లు బాగుచేసే ఉద్యోగం నాది. కాలేజీ పేరు రాయను. రాస్తే రేపటి నుంచి పట్టాభిరామ్‌లో ఇంట్లో కూర్చుని కూరగాయలు తరగాలి.

మామది నేత కుటుంబం. కానీ ఆయన మగ్గం మీద కూర్చుని నేసింది తక్కువ. ఆయన పని అతుకు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. లుంగీ పడుగంటే రెండు మూడు వేల పోగులు. ఒక్క పోగు వరస తప్పిందా, గుడ్డ పొడుగునా గీత పడుతుంది. పట్టు జారకుండా కొందరు వేళ్ళకు బూడిద రాసుకుంటారు. మామ వాళ్ళింట్లో తాత కాలం నుంచీ వేరే అలవాటు. బొటనవేలు నాలుకకు తాకించి, ఆ తడితో పోగు మెలిపెడతారు. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని లెక్కపెట్టేవాణ్ణి, వేలు నోటికి ఎన్నిసార్లు పోతుందోనని. లెక్క తప్పిపోయేది గాని ఆయన వేలు తప్పేది కాదు. బుగ్గలో ఎప్పుడూ ఒక వక్క ముక్క. ఆకూ వద్దు, సున్నమూ వద్దు, వట్టి వక్క.

చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లన్నీ మామను పిలిచేవి. తరవాత ఒక షెడ్డులోకి పోగులు ముడివేసే మిషను వచ్చింది. మామ పొద్దుణ్ణించి సాయంత్రం దాకా చేసే పని అది అరగంటలో ముగించింది. ఆయన దాని పక్కన నిలబడి చివరిదాకా చూసి, బాగానే వేస్తోందని ఓనరుకు చెప్పి ఇంటికొచ్చాడు. ఆ తరవాత ఏడాది పాటు ఆయన చేతులకు పని లేదు. మామ భార్య మునిలక్ష్మత్త నాకు ఫోను చేసి, ఈయన కూర్చున్న చోటే తువ్వాలు కొసలు పీకి పోగులు మెలిపెడుతున్నాడని, జీతం సంగతి తరవాత, ముందు యాడైనా ఒక పనిలో పెట్టమని చెప్పింది. మా కాలేజీ ల్యాబులో గాజు సామాన్లు కడిగే అటెండరు పని ఖాళీగా ఉంటే పెట్టించాను. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రోజూ రైలు. నాతో సమానంగా టిఫిన్ క్యారియరు పట్టుకుని గేటు దాటుతున్నందుకు ఆయనకు లోపల సంతోషమే గాని బయటికి చెప్పేవాడు కాదు.

అదే ల్యాబులో మధుమిత పరిశోధన చేస్తోంది. కడంబత్తూరు దగ్గర వ్యవసాయం చేసుకునే తెలుగువాళ్ళ అమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఆమె పట్టుకున్న ప్రశ్న వింటే మొదట నాకు నవ్వొచ్చింది. నాలుక ఉప్పును ఎట్లా దాటిస్తుంది, నరం మాట విని ఆ పని ఎక్కువ చేస్తుందా తక్కువ చేస్తుందా అని. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకున్నాను. మూడు నెలలకు రైల్లో నిద్రపోవాల్సిన టైములో దాని గురించే ఆలోచిస్తూ, దిగాల్సిన స్టేషను దాటి ఆవడి దాకా పోయి, మళ్ళీ వెనక్కి రైలెక్కాను.

ఆమె చేసే పని ఇది. కసాయి కొట్టు నుంచి అప్పుడే కోసిన మేక నాలుక తెస్తారు. కండ నుంచి పైపొరను వలిచి తీస్తారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ దిమ్మ ఒకటుంటుంది, రెండు సగాలుగా. నడుమ చిన్న కంత. ఆ కంతకు అడ్డంగా పొరను పరిచి బిగిస్తారు. అటు ఉప్పునీళ్ళు, ఇటు ఉప్పునీళ్ళు. ఉప్పు నీళ్ళలో కరిగితే సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది, రెంటికీ విద్యుత్తు ఉంటుంది. వాటినే అయాన్లంటారు. పొర వాటిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటిస్తుంది. దాటిన మేరకు నా మీటరులో కరెంటు కనబడుతుంది. మేక ప్రాణం పోయి గంటలైనా సరే, ఆక్సిజన్ బుడగలు అందిస్తే ఆ పొర మధ్యాహ్నం దాకా తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. మొదటిసారి మీటరులో ఆ అంకె చూసినప్పుడు నమ్మలేక వైర్లు రెండుసార్లు విప్పి బిగించాను.

ఇక నరం సంగతి. నాలుక కింది నుంచి వచ్చే నరాల కొసలు ఏవో రసాయనాలు వదులుతాయి. వాటిని అందుకోవడానికి కణాల మీద రిసెప్టర్లని ఉంటాయి. అందుకున్నాక పొర ఉప్పును దాటించే తీరు మారుతుందా అన్నదే మధుమిత ప్రశ్న. ఆమె దగ్గర రెండు మందులున్నాయి. ఒకటి మనం భయపడ్డప్పుడు ఒంట్లో ఊరే రసాయనం లాంటిది. రెండోది నోట్లో నీళ్ళూరించే నరాలు వదిలే రసాయనం లాంటిది. ఒక్కో మందునూ పొర అడుగు పక్కన చుక్క వేసి మీటరు చూడాలి.

పొరను వలవడమే ఆమెకు చేతకాలేదు. పదింట ఎనిమిది చిరిగేవి. ఒక రోజు మామ సీసాలు కడుగుతూ కడుగుతూ ఆగిపోయి చూశాడు. ఆమె చిమటాతో పట్టి లాగుతోంది.

“లాగొద్దు పాపా. దాన్ని రానియ్యి. అదే వస్తాది,” అన్నాడు.

ఆమె చిరాకుపడకుండా చిమటా ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని పక్కన పెట్టి, బొటనవేలితో పొర అడుగున మెల్లగా తోసుకుంటూ పోయాడు. కండ ఇటు, పొర అటు. దీపానికి అడ్డం పెట్టి చూస్తే ఒక్క చిల్లు లేదు. ఆ రోజు నుంచి మామకు బల్ల దగ్గర చోటు దొరికింది. గ్లవుజులు వేస్తే పొర ఎంత మందమో వేలికి తెలియడం లేదన్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలని మధుమిత ఒప్పుకుంది. మునిలక్ష్మత్త చెప్పింది, ఆయన మళ్ళీ అన్నం సరిగా తింటున్నాడని. మిషను లాక్కున్న చేతులు ఆయనకు తిరిగి దొరికాయి. ఆ బల్ల దగ్గర చోటు ఆయనకు ఎంతో నాకు తెలుసు కాబట్టే, తరవాత నేను చేసిన తప్పు కూడా చేశాను.

మామ చేతి మీదుగా పదమూడు నెలల్లో నూట నలభై పొరలు. మొదటి మందుకు మీటరు కదిలేది. రెండో మందుకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మేక నాలుక పొర ఆ రెండో రసాయనాన్ని లెక్కచేయదని మధుమిత థీసిస్‌లో రాసుకుంది. మా విభాగాధిపతి ధర్మలింగం సారు భేష్ అన్నాడు. ఒక్క చిక్కు మిగిలింది. నూట నలభైలో ఆరు పొరలు మాత్రం రెండో మందు పడగానే ఎగిరి గంతేశాయి. వాటి పక్కన ఆమె ‘చెడిన ముక్క’ అని రాసి వదిలేసింది.

థీసిస్ ఇవ్వడానికి నెలన్నర ఉందనగా ఆ ఆరూ ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. ఇంకెవరైనా అయితే మూలన పడేసేవాళ్ళే. ఈ పిల్ల అట్లాంటిది కాదు. మొదట నా మీటరు మీద పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు దాన్ని విప్పి, తెలిసిన రెసిస్టర్లు పెట్టి పరీక్షించి, వెంట్రుకవాసి తేడా లేదని కాగితం మీద రాసిచ్చాను. తరవాత కసాయి మీద అనుమానం. ఆ ఆరు రోజులూ మేకలు వేరే సంతవేమోనని అడిగి వచ్చింది, కాదట. నెలకోసారి మెయింటెనెన్సు కోసం కరెంటు తీసేస్తారు కదా, దాని తేదీలు చూసింది. అవీ కలవలేదు.

ఒక మధ్యాహ్నం కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఆరు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కవేసిందట. ఇరవై ఏడు, యాభై అయిదు, ఇరవై ఏడు, ఎనభై రెండు, మళ్ళీ ఇరవై ఏడు. అంతా ఇరవై ఏడు లెక్కే, ఒక రోజు అటూ ఇటూ. మేకలకూ ఇరవై ఏడు రోజులకూ ఏమిటి సంబంధమో అర్థం కావడం లేదని నాతో అంటోంది. మామ అక్కడే సీసాలు తుడుస్తున్నాడు. ఆయన చెయ్యి ఆగిపోయింది. గోడకున్న డైలీ షీటు క్యాలెండరు వైపు చూశాడు, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆమె గమనించలేదు. నేను గమనించాను.

సాయంత్రం తిరువళ్ళూరు స్టేషన్లో ఆయన రైలు అటు, నా రైలు ఇటు. ఫ్లాట్‌ఫారం మీద నిలబడి అడిగాను.

“అవి కృత్తికలురా గుణా,” అన్నాడు.

ప్రతి నెలా కృత్తిక నక్షత్రం నాడు మామ తెల్లారకముందే లేచి తలస్నానం చేసి తిరుత్తణి కొండ మెట్లన్నీ ఎక్కి, మురుగన్ను చూసి, దిగి వచ్చి రైలెక్కుతాడు. సాయంత్రం ఇంట్లో దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప నోట్లో ఏమీ వేసుకోడు. పెళ్ళి కాక ముందు నుంచీ ఉన్న మొక్కు. కృత్తిక ఇరవై ఏడు రోజులకోసారి వస్తుంది, అప్పుడప్పుడు ఇరవై ఎనిమిది. మామ చేతితో పొర బిగించిన కృత్తికలు, సెలవులూ పొర పని లేని రోజులూ పోగా, సరిగ్గా ఆరు.

మురుగన్‌కు కొండ మీద జనం చాలక మా మీటరు చూసే తీరిక కూడా దొరికిందా అని వేళాకోళం చేశాను. మామ కోపం తెచ్చుకోలేదు. అట్ల అనొద్దు అని మాత్రం అన్నాడు. రైలెక్కి కిటికీ దగ్గర కూర్చుని కూడా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆ తరవాత రెండు వారాలు ఆయన ఏం చేశాడో నాకు తరవాత తెలిసింది. గుడ్డ మీద గీత పడితే నేతగాళ్ళు మగ్గాన్ని తిట్టరు, ఒక్కొక్క పోగూ పట్టుకుని వెనక్కి పోతారు. ఆయనా అదే చేశాడు. కృత్తిక నాడు తనలో మారేది ఏమేమిటి? తలస్నానం, కొండ ఎక్కడం, అన్నం మానడం, కాఫీ మానడం, వక్క మానడం. ఒక రోజు తలస్నానం చేసి కొండెక్కి వచ్చాడు, మిగతావన్నీ మామూలే. మీటరు కదల్లేదు. ఇంకో రోజు అన్నం మానేశాడు. కదల్లేదు. ఇంకో రోజు కాఫీ. కదల్లేదు. నాలుగోసారి పొద్దున్నే ఇడ్లీ తిని, కాఫీ తాగి, వక్క మాత్రం వేసుకోకుండా వచ్చాడు. రెండో మందు పడగానే అంకె ఎగిరింది. మర్నాడు వక్క వేసుకుని వచ్చాడు, పడుకుంది. ఆ మర్నాడు వేసుకోలేదు, లేచింది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి.

అయితే దీనివల్ల మధుమిత లెక్క తారుమారైంది. ఇరవై ఏడు రోజుల లెక్కకు అందకుండా ఇంకో రెండు పొరలు గంతేశాయి. ఆమె నోటు పుస్తకం మూసి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మామ అది చూశాడు.

ఆ సాయంత్రం ఫ్లాట్‌ఫారం మీద అంతా నాతో చెప్పాడు. పొర తోసేటప్పుడు తనకు తెలియకుండానే బొటనవేలు నాలుకకు పోతోందని, అది నలభై ఏళ్ళ అలవాటని. నేను అక్కడే ఫోను తీసి వెతికాను. వక్కలో అరికొలిన్ అని ఒక పదార్థం ఉందట. నరాలు వదిలే ఆ రెండో రసాయనం పనిచేసే రిసెప్టర్ల మీదే అదీ పనిచేస్తుందట, వక్క నమిలితే నోరంతా ఊరడం అందుకేనట. అంటే మామ బొటనవేలి తడి తగిలినప్పుడే పొర ఆ రెండో మందు లాంటిదే ఒకటి తాగేసింది. ఆ తరవాత మధుమిత ఎన్ని చుక్కలు వేస్తే మాత్రం ఏం కదులుతుంది?

అప్పుడు నేను ఆయనకు ఇచ్చిన సలహా ఇది. నోరు మూసుకో మామా. థీసిస్ ఇవ్వడానికి ఇంకా పది రోజులుంది, చెబితే ఆ పిల్ల ఏడాదికి పైగా చేసిన పని మట్టిలో కలుస్తుంది, నిన్ను బల్ల దగ్గరికి రానివ్వరు, మళ్ళీ తువ్వాలు కొసలు పీక్కుంటూ కూర్చోవాలి. చెప్పకపోతే మేక నాలుక గురించి ఒక తప్పు ఎక్కడో అలమరలో పడి ఉంటుంది, దానివల్ల ఏ మేకా ఏడవదు.

మామ టిఫిన్ క్యారియరు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

“పోగు తప్పు పడిందని తెలిసినాక కూడా నేస్తా పోతే, ఆ తప్పు గుడ్డ కొస దాకా పోతాది గదరా. ఇంగ ఆ గుడ్డ కట్టుకునేది ఆ పాప,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, నేను ఇంకా మీటరు ఆన్ చేయకముందే, చెప్పేశాడు. తల వంచుకోలేదు, క్షమించమనీ అనలేదు. వేలు నోటికి ఎట్లా పోతుందో చేసి చూపించి, జేబులోంచి వక్క పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. మధుమిత అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీలో కూర్చుని, రోజుకు ఎన్ని వక్కలు, పొరకు ఎన్నిసార్లు వేలు తగులుతుంది, ఏ రోజు నుంచి మానేశారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. అంతా అయ్యాక కాగితం మడిచి, ధర్మలింగం సారుకు తాను చెబుతానని లేచింది.

సారు నమ్మలేదు. వేలి కొస తడికి అంత బలమా అన్నాడు. సరే, చూద్దామన్నారు. ఆరు బుల్లి సీసాలు సిద్ధం చేసే పని నాకు ఇచ్చారు. మూడింట్లో వక్క నానబెట్టిన ఉప్పునీళ్ళు, రంగు తెలియనంత పలచగా. మూడింట్లో వట్టి ఉప్పునీళ్ళు. ఏది ఏదో నాకొక్కడికే తెలుసు. కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. పొరలు చిరగకుండా వలవాలి కాబట్టి మామే వలిచాడు, నోరు పుక్కిలించి, వేలు తడిపేందుకు ఉప్పునీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని. తన తప్పు రుజువు చేసే పొరలను తానే అంత జాగ్రత్తగా వలుస్తూ ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు. ఆరింటినీ ఒక్కొక్కటి ఒక్కో సీసాలో పది నిమిషాలు ఉంచి, దిమ్మలో బిగించి, రెండో మందు వేశారు. మూడు లేచాయి, మూడు పడుకున్నాయి. కాగితం తీసి చదివాను. పడుకున్న మూడూ వక్క నీళ్ళవే.

“పదమూడు నెలలుగా మనం కొలిచింది ఒక మనిషి ఎంగిలినా?” అన్నాడు సారు అరవంలో. గది తలుపు తెరిచే ఉంది. కారిడార్లో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. ఆ రోజు నుంచి మామ బల్ల దగ్గరికి రాకూడదు, సీసాలు మాత్రమే కడగాలి అని ఉత్తరువు. మామ సరి సార్ అని తువ్వాలు దులిపి తొట్టి దగ్గరికి పోయాడు. మామ దొంగ అన్న కథలు పుట్టింది ఆ మధ్యాహ్నమే.

థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. మధుమిత గ్లవుజులు వేసుకుని తానే వలవడం మొదలుపెట్టింది. మొదటి వారం పన్నెండు నాలుకలకు ఒక్కటి దక్కింది. మామ తొట్టి దగ్గర నిలబడి ఆ చిరిగే చప్పుడు వింటూ పళ్ళు కొరుక్కునేవాడు. పొర చిరిగితే చప్పుడేముంటుంది అన్నాను. నీకు వినబడదులే అన్నాడు.

వక్క మానేసిన మొదటి వారం తలనొప్పి, విసుగు, ఇంట్లో చిన్నదానికీ పెద్దదానికీ కయ్యం. రెండో వారంలో ఇంకో వింత మొదలైంది. మునిలక్ష్మత్త సాంబారులో ఉప్పు ఎక్కువ వేస్తోందని గొడవ. ఆమె కొలత ఎప్పటిదే. పక్కింటామెకు రుచి చూపిస్తే బాగుందంది. ముప్పై ఏళ్ళుగా ఉప్పు చాల్లేదని సణిగిన మనిషి ఇప్పుడు ఎక్కువైందని అంటే నేనేం చేసేదని అత్త నాకు ఫోనులో మొర పెట్టుకుంది. మామ మాత్రం గొడవ ఆపి ఆలోచనలో పడ్డాడు.

ఒక రోజు భోజనాల వేళ, సారు లేనప్పుడు, తొట్టి దగ్గర నుంచి బల్ల వైపు రెండడుగులు వేశాడు. మధుమిత పాత నోటు పుస్తకంలో ఎర్ర పెన్నుతో వరస వెంట వరస కొట్టేస్తోంది. కృత్తిక నాటి ఆరు వరసలూ, ఆ తరవాతి రెండూ వదిలేసి అన్నీ. ఆయన మొదట సాంబారు సంగతి చెప్పాడు. ఆమె పెన్ను పట్టుకునే విని, ఒక్క మనిషి నాలుక మాట సాక్ష్యానికి చాలదని, ఇంకేదైనా కారణం ఉండొచ్చని అంది.

“సాలదులే. అయినా ఒకటి అడుగుతా,” అన్నాడు మామ. “అవన్నీ ఎందుకు కొట్టేస్తా ఉండావు పాపా? వక్క తగిలిన నాలుక ఎట్లుంటాదో అవి చెప్తా ఉండాయి గదా. మా వీధిలో సగం మంది బుగ్గలో వక్క ఉంటాది. వాళ్ళదీ నాలుకే గదా.”

మధుమిత పెన్ను ఆపింది. ఆ వరసలు పనికి రావని, ఏ రోజు ఎంత వక్క తగిలిందో ఎవరూ కొలవలేదని చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఊరుకుంది. కొలిచి చేస్తే, అంది తనలో తానే. సీసాలో వక్క నీళ్ళు, ఇన్ని చుక్కలని లెక్కగా, ఒక గంట తగిలితే ఒకటి, రోజంతా తగిలితే ఒకటి. ఆమె ముఖంలో నెల రోజులుగా లేని కళ వచ్చింది. అదే పేజీ వెనకాల రాసుకోవడం మొదలుపెట్టింది. మామ తిరిగి తొట్టి దగ్గరికి పోబోతుంటే ఎక్కడికి పోతున్నారని గద్దించింది.

ధర్మలింగం సారును ఒప్పించడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ప్రశ్న ఆయనకు నచ్చింది, మనిషే నచ్చలేదు. ఇంకెవరు వలిచినా చిరిగిపోతాయి సార్ అని ఆమె పట్టుబట్టింది. చివరికి ఒక షరతు మీద సరేనన్నాడు. రోజూ పని మొదలుపెట్టే ముందు లోకనాథం నోరు తెరిచి చూపించాలి. వక్క లేదని చూసినవాళ్ళు రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆయన స్వయంగా రిజిస్టరులో గీతలు గీసి గడులు వేసి ఇచ్చాడు: తేదీ, నోరు చూశాను, సంతకం. ఇదేం మర్యాద అని నేను మామ తరఫున ఎగిరాను. ఆయన న్యాయమే గదరా అన్నాడు.

సోమవారం పొద్దున మామ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కుళాయి కింద రెండుసార్లు పుక్కిలించాడు. ట్యూబ్‌లైటు కిందికి పోయి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ యాభై ఏడేళ్ళ మనిషి నోరు బార్లా తెరిచాడు. గారపట్టిన పళ్ళు. ఎన్నేళ్ళ వక్క మరకలో. మధుమిత రిజిస్టరు తెరిచి పెన్ను తీసుకుని ఆయన ముందు నిలబడింది. ఒక్క క్షణం చూసి తల పక్కకు తిప్పేసుకుంది.

“వద్దయ్యా. నేను చూడను,” అంది. “వేసుకోలేదని మీరు చెప్తే నాకు సాలు.”

మామ కళ్ళు తెరిచాడు. నోరు మూయడానికి కాస్త టైము పట్టింది.

“సారు చూడమన్నాడు గదా పాపా.”

“అప్పుడు కూడా నేను చూసి కనిపెట్టలేదయ్యా. మీరు చెప్పినారు. చెప్పండి.”

“వేసుకోలేదు పాపా,” అన్నాడు మామ.

ఆమె ‘నోరు చూశాను’ అన్న గడిలో ఆ మాట కొట్టేసి, ‘అడిగాను, చెప్పారు’ అని రాసి సంతకం పెట్టింది. తరవాత రిజిస్టరు నా వైపు జరిపి, సాక్షిగా నన్నూ పెట్టమంది. ఈ మనిషిని నోరు మూసుకోమని ఫ్లాట్‌ఫారం మీద గంటసేపు చెప్పినవాణ్ణి నేను. పెన్ను పట్టుకున్నాను గాని ఆమె ముఖంలోకి చూడలేకపోయాను, మామ ముఖంలోకి అంతకన్నా చూడలేకపోయాను. అప్పటికే ఆయన చేతులు కడుక్కుని, మేక నాలుక ఉన్న గిన్నె ఇటు ఇమ్మని అడుగుతున్నాడు.